ఎగిరే మంచం కోసం కంటి ఆసుపత్రికి

మా నాయనను కంటి ఆపరేషన్‌కు ఒప్పించింది నేను కాదు, డాక్టరూ కాదు. ‘ఎగిరే నులకమంచం’ కొత్త భాగం.

మంత్రం మధ్యలో తుమ్మే మాంత్రికుడు, అతన్ని మోయలేక ఎవరి పెరట్లోనో దిగిపోయే మంచం. ఈ కథలు మా ఇంట్లో ఎన్నిసార్లు చదివామో. శనక్కాయ చేలోంచి వచ్చి నాయన ఆ పుస్తకం పట్టుకుంటే, అన్నానికి ఎంత పిలిచినా పలికేవాడు కాదు. రెండు కళ్లకూ శుక్లాలొచ్చాక చదువు ఆగిపోయింది. కొత్త భాగం రాగానే, చదివి వినిపిస్తానన్నాను.

“వద్దు పాపా. నాకు నవ్వొచ్చేలోగా నువ్వు పేజీ తిప్పేస్తావు. నేనే సదువుకుంటా.”

“అయితే ఆపరేషన్ చేయించుకో.”

అలా ఓ రోజు చిత్తూరులో తిరుపతి బస్సెక్కాం. తెల్లవారుజాము బస్సులు కొండకెళ్లే జనంతో కిక్కిరిసి ఉంటాయి. ఇడ్లీలు తిని నిదానంగా బయలుదేరితే సీటు దొరుకుతుంది.

పాకాలలో టీకి దిగిన నాయన మళ్లీ ఎక్కనన్నాడు.

“చిత్తూరు బస్సు ఆడ ఉండాది. ఇంటికి పోదాం. కంట్లో కత్తి పెడతారంట!”

కండక్టరు తొందరపెడుతున్నాడు. నేను బతిమాలుతున్నాను. మా ముందు సీట్లో కూర్చున్న, సత్యవేడు వెళ్తున్న ఒకామె, నాయన చేతిలోని పుస్తకాన్ని చూసి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

“కొత్త భాగమా అన్నా? నేను సదివేసినా. మంచం ఇంగ లేవదనుకుంటే...”

“చెప్పొద్దమ్మా!” నాయన చెవులు మూసుకున్నాడు.

“బస్సెక్కు. లేదంటే కథంతా ఈడే అరిచి చెప్పేస్తా, సూడు!”

బస్సంతా నవ్వింది. నాయన గబగబా ఎక్కేశాడు.

చంద్రగిరి దాటాక ఆమె నాతో మెల్లగా అంది. “మా ఆయన పోయినాక నేను నవ్విందే లేదమ్మా. ఆ మంచం గాడిదల సంతలో దిగినప్పుడు, మొదటిసారి నవ్వినా.”

తిరుపతిలో ఆమె సత్యవేడు బస్సుకు వెళ్లిపోయింది. మేము ఆసుపత్రికి వెళ్లాం. ఆపరేషన్ బాగా జరిగింది. ఆ రోజుల్లో పద్ధతి ప్రకారం తలకు రెండువైపులా ఇసుక సంచులు పెట్టి కదలొద్దన్నారు. నాయన నర్సును అడిగిన మొదటి మాట, “తుమ్మొస్తే ఎట్లమ్మా?”

కొన్ని వారాలయ్యాక కళ్లద్దాల కోసం మళ్లీ తిరుపతి వెళ్లాం. తిరుగు బస్సులో కూర్చోగానే ఆ దళసరి అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తెరిచాడు. దామలచెరువులో మామిడి బుట్టలు ఎక్కిస్తూ బస్సు చాలాసేపు ఆగింది. అందరూ విసుక్కున్నారు. నాయన మాత్రం తలెత్తలేదు. చదివిన పేజీనే వెనక్కి తిప్పి, భుజాలు ఊగేలా నవ్వుతున్నాడు.

తిరుపతికి ఎన్నోసార్లు వెళ్లొచ్చాను. ఇంత హాయిగా ఎప్పుడూ ఇంటికి రాలేదు.

పూతలపట్టు దాటాక పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. “ఇంగ నువ్వు సదువు. యాడ నవ్వుతావో నేను సూస్తా.”

నేను చదువుతుంటే, కళ్లద్దాలు సర్దుకుని నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు: “పాపా, నీ తల్లో తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చినాయే?”