శుక్రవారం వచ్చే పిచ్చిరాతలు

డిప్లొమా పట్టా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ వస్తువు చెడిపోయినా కారణం దాని లోపలే ఉంటుందని, మూత విప్పి ఓపిగ్గా వెతికితే దొరికి తీరుతుందని. ఇంట్లో గడియారం మొదలు మిక్సీ దాకా నేను విప్పని వస్తువు లేదు (తిరిగి బిగించాక స్క్రూ మిగలని వస్తువూ లేదు). బోధన్ దగ్గర మా చెరుకు తోటల మధ్య ఇలాంటి పిల్లను కన్నందుకు మా బాపు చాలా ఓర్చుకున్నాడు. నిజామాబాద్‌లో మోటరు స్టార్టర్లకు బోర్డులు చేసే చిన్న షాపులో పనికి పోతానన్నప్పుడు మాత్రం ఆ ఓర్పు అయిపోయింది. "టీచర్ కోచింగ్‌ల చేరు బిడ్డా. గీ వైర్లతోని ఆడుకునుడు ఎన్ని దినాలు?" అన్నాడు. నేను పట్టు వదల్లేదు. చివరికి బేరం కుదిరింది. నేను చేస్తున్న యంత్రం మా బావి దగ్గర, బాపు కళ్ళ ముందు పనిచేస్తే షాపుకు. లేకపోతే మారుమాట లేకుండా కోచింగ్‌కు.

ఆ యంత్రం బావిలో నీళ్ళెంత ఉన్నాయో ఫోనులో చూపిస్తుంది. అంతకు ముందు ఎండాకాలం బావి అడుగంటిన సంగతి చూసుకోక మోటరు కాలిపోయింది, అందుకని ఈ ఆలోచన. నీటిమట్టం కొలిచే చిన్న కంట్రోలరు, దాని అంకెను ఫోనుకు అందించే బ్లూటూత్ ముక్క, రెండింటి మధ్యా ఒక తీగ, అన్నీ మూతలేని ఒక బోర్డు మీద. ఆ తీగ మీద పంపేవాడి వేగం, అందుకునేవాడి వేగం ఒక్కటిగా ఉండాలి. బతుకమ్మ ఆటలో ఒకరి చప్పట్లు ముందూ వెనకా పడితే వరసంతా ఎలా చెడుతుందో ఇక్కడా అంతే, అవతల చేరేది అంకె కాదు, చెత్త. వసారాలో బకెట్ నీళ్ళతో పరీక్షిస్తుంటే వారమంతా బుద్ధిగా అంకెలు వచ్చేవి. శుక్రవారం పొద్దున మాత్రం ఫోను నిండా ప్రశ్నార్థకాలు, ఖాళీ గళ్ళు, నెత్తిన చుక్కలున్న ఏవో పరాయి అక్షరాలు.

వేగం సరిచూశాను, తీగలు మార్చాను, బ్యాటరీ మార్చాను. మధ్యాహ్నానికి బాగైంది. నా మరమ్మతే ఫలించిందని మురిసిపోయాను. మరుసటి శుక్రవారం మళ్ళీ అదే తంతు. యంత్రానికి వారాలెలా తెలుస్తాయి? కోచింగ్ భయం కన్నా ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ తినేసింది. ఎదురింటివాళ్ళ కొత్త ఇన్వర్టరును అనుమానించాను, ఇంటి మీదుగా పోయే కరెంటు తీగలను అనుమానించాను. చివరికి తలస్నానం చేసి తడి జుట్టుతో దాని ముందు కూర్చునే నన్ను నేనే అనుమానించి, ఒక శుక్రవారం ఒంటికి మాత్రమే పోసుకుని వచ్చాను. ("శుక్రారం పూట తలకు పోసుకోవా? గిదేం సదువే!" అంటూ, మేం అవ్వా అని పిలిచే మా అమ్మ నెత్తి కొట్టుకుంది.) అయినా చెత్తే వచ్చింది.

బావి దగ్గర పరీక్షకు బాపు మంచిరోజని ముహూర్తం పెట్టింది కూడా, ఇంకేముంది, శుక్రవారమే. ఆ పొద్దున మొహం కడుక్కుని నేరుగా యంత్రంతో బావి దగ్గరికి పోయాను. ఆశ్చర్యం, అంకెలు చక్కగా వస్తున్నాయి! కాసేపటికి బాపు వచ్చాడు, వెనకాలే పసుపు కుంకుమల పళ్ళెంతో అవ్వ. మోటరుకు బొట్టు పెట్టింది, స్టార్టరు డబ్బాకు పెట్టింది, నేను నోరు తెరిచేలోగా వంగి నా బోర్డుకూ పెట్టింది. నా చేతిలో ఫోను అంకెలు వదిలేసి పిచ్చిరాతలు మొదలుపెట్టింది.

మా ఇంట్లో ఫ్రిజ్‌కు, గ్యాసు పొయ్యికి, స్కూటరుకు, చివరికి నా సోల్డరింగ్ పెట్టెకు కూడా శుక్రవారం బొట్టు ఉంటుంది. బోర్డు మీద ఆ పసుపు మరకను నెలరోజులుగా చూస్తూనే ఉన్నాను, కానీ అది నా కంటికి ఆనలేదు. "గా ముక్కకే ఎందుకు పెట్టినవే అవ్వా?" అని అడిగాను. "గదొక్కటే మెరుస్తుంది గదా, ముఖం లెక్క" అంది. అది కంట్రోలరుకు లయ పట్టి ఇచ్చే చిన్న వెండిరంగు డబ్బా. తడి పసుపు దాని కాళ్ళ మధ్యకు జారి లయ తప్పిస్తోంది, ఎండాక మళ్ళీ కుదురుకుంటోంది. నాకు నవ్వాగలేదు. చున్నీతో తుడిచి, బాపు రుమాలుతో విసిరాను. అంకెలు తిరిగొచ్చాయి.

బాపు ఫోను తీసుకుని చెరుకులోకి కొంచెం నడిచాడో లేదో లింకు తెగిపోయింది. "ఎంత దూరం అందుతదే?" అన్నాడు. "పది మీటర్ల దాకా" అన్నాను నెమ్మదిగా. బాపు బావి దాకా వచ్చి, లోపలికి ఒకసారి చూసి, "గంత దగ్గరికొస్తే నేనే తొంగి సూస్త గదనే!" అన్నాడు. ఇక కోచింగ్ తప్పదనుకున్నాను. ఆయన రుమాలు భుజాన వేసుకున్నాడు. "యంత్రం నా అక్కరకు రాదు. గని శుక్రారం ఏమైతుందని బువ్వ గుడ మర్సి ఎతికినవ్ సూడు, గా గుణం ఏ కోచింగ్‌ల నేర్పుతరు? పో, షాపుల చేరు."

అవ్వ మాత్రం పసుపు వేళ్ళు కొంగులో దాచుకుని నిలబడింది. "నా చెయ్యితోనే ఖరాబైందా బిడ్డా?" అంది. ఆ గొంతు విని నా సంతోషమంతా ఒక్కక్షణం ఆగిపోయింది. దగ్గరికి తీసుకుని, బోర్డుకు మూత బిగిస్తానని, ఇకనుంచి దాని మీద పెట్టమని చెప్పాను. "ముఖం దాసి టోపికి బొట్టు పెడ్తరా ఎవలన్న?" అని గొణిగి, చివరికి ఒప్పుకుంది.

ఇప్పుడు షాపుకు ఎవరైనా చెడిపోయిన బోర్డు తెస్తే నేను వెంటనే మూత విప్పను. "దీన్ని ఇంట్లో అందరికన్నా ఎక్కువ ప్రేమగా చూసుకునేది ఎవరు?" అని అడుగుతాను. నాతో పనిచేసేవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. తెచ్చినవాళ్ళు మాత్రం చాలాసార్లు కాసేపు ఆలోచించి, కొంచెం సిగ్గుపడుతూ ఒక పేరు చెబుతారు.