విప్పని ఉత్తరం

పాత కాగితాల వాసన తగిలితే ఇప్పటికీ నా చేయి జడ మీదికి పోతుంది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో మా గూడూరు బడి మూసేశారు. నేను పొద్దంతా పక్కింటి ఖాసిం తాత దగ్గరే ఉండేదాన్ని. పోస్ట్‌మాస్టరుగా రిటైరైన తాత, ఎక్కడో సముద్రం నడుమ దీవుల నుంచి నూరేళ్ల కింద మిషనరీలు రాసిన ఉత్తరాలు సేకరించేవాడు. వాటిలో ఒకటి మాత్రం ఎవరూ విప్పనిది.

"గిదెందుకు విప్పలే తాతా?"

"ఓడ చేరేసరికి, గిది ఎవలకు రాసిన్రో గా ముసలవ్వ సచ్చిపోయింది బేటా. తీసుకునేటోళ్లు లేక వాపస్ వచ్చింది. ముట్టకు."

తాత నమాజుకు లేవగానే విప్పాను. కాగితం మడతలో చిన్న జడ ఉంది. ఎర్రటి వెంట్రుకలు, చివర నీలం రిబ్బను. ఇప్పుడే దువ్వినట్టు మెత్తగా ఉంది.

తిరిగొచ్చిన తాత కోప్పడలేదు. అద్దాలు పెట్టుకుని ఆ ఇంగ్లీషు ఉత్తరం చదివి, మళ్లీ అద్దాలు తీసేశాడు.

"నీ అంత పిల్లనే. జరమొచ్చి పోయిందట. నాయనమ్మకు గుర్తుగా వాళ్లమ్మ పంపింది."

ఆ పిల్లను కవరులోంచి నేనే బయటికి వదిలాననుకున్నాను. అమ్మ తల దువ్వుతుంటే వెనక ఇంకో చేయి కూడా ఉన్నట్టు అనిపించి తిరిగి చూసేదాన్ని. ఒకనాడు ఎండలో దువ్వెనకు చిక్కిన వెంట్రుక ఎర్రగా కనబడి కేక పెట్టాను. నెల రోజులు జడ వేయనివ్వలేదు.

ఆ తల్లి కూతురికి ఆఖరుసారి తల దువ్వి, ఎవరో ఒకరు చూసి ఏడుస్తారనే పంపి ఉంటుంది. అంతకాలానికి విప్పిన నేను భయపడ్డాను. కళ్లు తుడుచుకున్నది ఖాసిం తాత ఒక్కడే.