ద్రాక్ష పందిరికి కట్టిన రేడియో

పెళ్లయిన ఏడాదిలోపే అత్తవారి ఊళ్లో నా పరువును నా చేతులతో నేనే, అదీ స్పష్టంగా, గరగర అన్నది లేకుండా పోగొట్టుకున్న వైనం ఇది. పరువు అందరికీ పోతుంది. దానికోసం ఎండలో చేతులెత్తి నిలబడ్డ మహానుభావుణ్ని మాత్రం నేనొక్కణ్నే అనుకుంటాను.

అప్పట్లో నాకు తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. కంపెనీ కారొచ్చి ఎక్కించుకునేది, మెడలో ఐడీ కార్డు వేలాడేది. ఆ వైభవం చూసి రావల్‌కోల్‌లో మా అత్తవారి వాడకట్టంతా నన్ను ‘సైంటిస్టు అల్లుడు’ అంది. నిజానికి నేను స్టోర్‌లో ఖాళీ సీసాలు లెక్కపెట్టేవాణ్ని. ఆ మాట చెప్పబోయేలోపు కోడికూర వడ్డించారు. నోట్లో ముక్క పెట్టుకుని మాట్లాడటం మర్యాద కాదని ఊరుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక ముక్క నోట్లో ఉంటూనే ఉంది.

హైదరాబాదులో ఎఫ్.ఎం. స్టేషన్లు కొత్తగా మొదలైన రోజులవి. ఒక స్టేషన్ వాళ్లు మేడ్చల్ మార్కెట్‌కి వచ్చి, కనబడ్డ ఆడవాళ్లందరి ముందూ మైకు పెట్టి వంటలు చెప్పించారట. మా అత్తమ్మ సర్వపిండి చెప్పింది. ఆదివారం పొద్దున వేస్తామన్నారు. ఆవిడ వాడకట్టునంతా పిలిచి చాపలు పరిచింది. సరిగ్గా ఆ ఆదివారమే, చెప్పాపెట్టకుండా, నేనూ మా ఆవిడ సరితా దిగాం.

రేడియో పెడితే పోపు వేగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“మేడ్చల్ల అయితె వస్తది గని, మన ఊర్ల సక్కగ రాదు అల్లుడూ,” అన్నాడు మామ.

“నేనున్న గదా మామా,” అన్నాను. సైంటిస్టు అన్నాక అనాలి కదా.

ముందుగా ఏరియల్ కడ్డీని పూర్తిగా బయటికి లాగాను. పూర్తిగానే వచ్చింది, నా చేతిలోకి. చాపల మీద చిన్న గుసగుస లేచింది.

వంటింటి గుమ్మం పక్కనుంచి అత్తమ్మ, “ఇడిసిపెట్టుండ్రి అల్లుడూ. నా ముచ్చట ఇనకుంటె ఏమాయె,” అంది. గొంతులో కంగారు. అల్లుణ్ని శ్రమపెట్టడం ఇష్టంలేక అంటోందనుకున్నాను. ఎంత మంచి మనిషి అని కళ్లు కూడా చెమర్చాయి.

ఇంటి వెనకాలే మామ ద్రాక్షతోట. వరసగా పాతిన రాతి కడీల మీద ఎకరమంతా పరిచిన ఇనుప తీగల పందిరి. ఇంత యాంటెన్నా పెరట్లో పెట్టుకుని గరగర వింటున్నారే అని వాళ్ల మీద జాలేసింది. కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగితీగ కొట్టంలో ఉంటే ఒక కొస రేడియోకి చుట్టి, రెండో కొస పందిరికి కట్టాను. ఆ తీగ మీద వార్నిష్ పూత ఉంటుందని, గీకితే తప్ప పని చెయ్యదని ఈ సైంటిస్టుకు అప్పటికి తెలియదు.

“వచ్చిందా?” అని తోటలోంచి అరిచాను.

“ఏం రాలే,” అంది కిటికీలోంచి సరిత.

ముడి విప్పి, తెగినచోట రాగి బయటపడ్డ కొసను చేత్తో పట్టుకున్నాను.

“వస్తాంది, వస్తాంది. ఏం జేసిన్రు?”

“పట్టుకున్న.”

“అయితె ఇడువకుండ్రి.”

చెయ్యి ఎత్తితే ఇంకా బాగా వస్తోందట. పళ్లపెట్టె బోర్లించి ఎక్కాను. ఒక చెయ్యి తీగకి, రెండో చెయ్యి పందిరికి. పిట్టలన్నీ లేచిపోయాయి.

ఇంతలో అత్తమ్మ స్వయంగా తోటలోకి వచ్చింది. “దిగుండ్రి అల్లుడూ. ఎండ కొడ్తాంది.”

“పర్వాలేదత్తమ్మా. మీ గొంతు ఊరంత ఇనాలె.”

“ఊరంత ఇనుడెందుకు,” అని గొణిగి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

అక్కడికి రేడియో నాకు వినబడదు. కానీ ఇంట్లోంచి ఒక్కసారిగా నవ్వులు, ఆపైన చప్పట్లు. సర్వపిండిలో ఇంత హాస్యముందా అనుకుంటూ పెట్టె దిగి, రాజ్యం గెలిచొచ్చినవాడిలా ఇంట్లోకి నడిచాను. అందరూ నన్నే చూస్తున్నారు.

“మస్తు వచ్చింది అల్లుడూ,” అన్నాడు మామ. “ఒక్క మాట పోలే.”

“అత్తమ్మ ఏం చెప్పింది?”

మామ అత్తమ్మను చూశాడు. అత్తమ్మ గోడను చూసింది. చివరికి సరితే నోరు విప్పింది. “పిండిల పల్లీలు, ఉల్లాకు ఏసి కలుపాలె అన్నది. మా అల్లుడు మస్తు తింటడన్నది. అల్లుడేం జేస్తడని ఆ మైకు పిల్ల అడిగింది.”

నేను కాలరు సర్దుకున్నాను. “ఏమన్నది?”

“మందుల కంపెనీల ఖాళీ సీసలు లెక్కవెడ్తడు, సైంటిస్టు అంటె మురుస్తడని మేం గట్లనే పిలుస్తం అన్నది.”

పెళ్లయిన వారంలోనే సరిత చెప్పేసిందట. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను గొయ్యి తీసి, జనం బాగా చూడాలని చుట్టూ దీపాలు కూడా పెట్టాను.

అయినా ఓడిపోయానని మాత్రం ఒప్పుకోను. తన గొంతు రేడియోలో విని అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. అన్నిటికంటే పెద్ద సర్వపిండి నాకే వడ్డించింది. ఆ రోజునుంచి ఊళ్లో ఎవరి రేడియో గరగరమన్నా నాకే కబురు. పేరు కూడా మారి ‘యాంటెన్నా అల్లుడు’నయ్యాను. ఈ బిరుదు నేను అచ్చంగా సంపాదించుకున్నది, దీనికోసం నోట్లో ముక్క పెట్టుకోనక్కర్లేదు.

కనుక పాఠకమహాశయులారా, చేతిలో ఉన్న ఈ వేడి సర్వపిండి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రేడియోలో ఎవరు ఎవరి గురించి మాట్లాడబోతున్నారో విచారించుకోకుండా ఈ జన్మలో మళ్లీ చెయ్యెత్తను.