పిల్లల ముందర చెప్పాల్సిన మాట

నా చిన్నప్పుడు, పామిడి దగ్గరి మా ఊరి బళ్ళో మధ్యాహ్నం అన్నం పెట్టడం కొత్తగా మొదలైనప్పుడు, వంటకు ఎస్సీ కాలనీ నుంచి ఒకామెను పెట్టారు. పిల్లలందరం ఆమెను వంటక్క అనేవాళ్ళం. ఆమె కూతురు నా తరగతే, నా పక్కనే కూర్చునేది. ఎవరితోనూ కలవని నాకు ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. అయినా అన్నం గంట కొట్టగానే ఆ పిల్ల ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడేది, నేను ఇంటికి నడిచేదాన్ని. ఊరి నడిమి వీధుల పిల్లలందరం అంతే. ఎందుకని అడిగితే మా అవ్వ, పెద్దోళ్ళు చెప్తే వినల్ల అనేది. అంతకు మించి ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఊరి పెద్దలు మా పెద్దసారు దగ్గరికి పోయి, ఆమెను మార్చకపోతే పిల్లల్ని బడి మాన్పిస్తామన్నారు. వాళ్ళలో మా నాయన కూడా ఉన్నాడు. సారు వాదించలేదు. సరే, మారుస్తానన్నాడు. కాకపోతే ఎందుకు మార్చారని పిల్లలు అడుగుతారు, ఆ కారణమేదో పెద్దలే వచ్చి వాళ్ళకు చెప్పిపోవాలన్నాడు. అదెంత పని అనుకుని అందరూ ఒప్పుకున్నారు. ఇక తన తల్లి మళ్ళీ కూలికే పోవాలని నా స్నేహితురాలు నాతో మామూలుగా చెప్పింది.

శనివారం పెద్దలు వరండాలో బెంచీల మీద కూర్చున్నారు. ఎదురుగా కింద మేము, ఎప్పటిలాగే ఆ పిల్ల నా పక్కన. మొదట చౌకదుకాణం ఆయన లేచి సారు వైపు తిరిగాడు.

"మీకు తెలీనిదేముండాది సార్."

"నాకు తెలుసులేప్పా. పిల్లోళ్ళకే తెలీదు. ఆ పక్క తిరిగి చెప్పు."

ఆయన మా వైపు తిరిగి, కాసేపు మెడ గోక్కుని, సాంబారులో ఉప్పెక్కువ అన్నాడు. తిన్నావా అని సారు అడిగితే తినలేదన్నాడు. వెనక నిలబడిన కాలనీవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు.

తర్వాత మా నాయన లేచాడు. ఊళ్ళో పంచాయితీలు చెప్పే మనిషి, మాటకు తడుముకోడు. అవి వేరుశనగ విత్తే రోజులు. విత్తనపు కాయలు ఒలవడానికి కాలనీ ఆడవాళ్ళు మా పంచలోకి వచ్చేవారు, బడి లేని రోజుల్లో వంటక్క కూడా వచ్చేది. వాళ్ళు ఒలిచిన గింజలు గుప్పెడు జేబులో పోసుకుని నములుతూ తిరగడం మా నాయనకు అలవాటు. ఆరోజు కూడా నములుతూనే లేచాడు.

"ఆయమ్మ చేయి..." అన్నాడు. అంతటితో దవడ ఆగిపోయింది. నోట్లో ఉన్నది మింగాలో ఊయాలో తెలియనట్టు నిలబడ్డాడు. నా స్నేహితురాలు పాఠం వింటున్నట్టు తలెత్తి ఆయననే చూస్తోంది. సారు తొందరపెట్టలేదు. నాకు నాయన మీద జాలి కలిగింది, అంతకంటే ఎక్కువగా ఆ మాట అనలేడేమోనన్న ఆశ కలిగింది.

చివరికి గింజలు మింగి, సారుతో కాకుండా మాతోనే అన్నాడు. "చెప్పేకి నోరు రాలేదు. నోరు రాని దానికి ఆయమ్మ పని ఎట్ల తీసేది? నా బిడ్డ ఈడే తింటాది."

ఆరోజు నేను వరుసలో నిలబడ్డాను. ఇంట్లో అవ్వ రగడ చేసింది. అయితే నువ్వే బడికి పోయి చెప్పు పోమా అన్నాడు నాయన. అవ్వ పోలేదు. కానీ ఆ రాత్రి మా ఇంట్లో మొదటిసారి కులం గురించి నాకు వినపడేలా మాట్లాడుకున్నారు. నేను అడిగినవాటికి నాయన, తెలిసినంత వరకు, దాచకుండా చెప్పాడు. రెండు ఇళ్ళవాళ్ళు పిల్లల్ని పామిడి బడికి మార్చుకున్నారు. వంటక్క మాత్రం మారలేదు.

నాకిప్పటికీ గొంతు చిన్నదే. నలుగురిలో మాట్లాడమంటే తప్పుకుంటాను, చెప్పుకోవాల్సింది డైరీలో రాసుకుంటాను. కానీ పెళ్ళిళ్ళలోనో బస్సులోనో ఎవరైనా నా వైపు వంగి, వాళ్ళు ఎవరో తెలుసు కదా అని గుసగుసలాడితే మాత్రం, తెలియదంటాను. అందరికీ వినపడేలా కొంచెం గట్టిగా చెప్పమంటాను. ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.