అవ్వకు ఆకలి కాదు

కణేకల్ దగ్గర మా ఊరి అంగన్‌వాడీలో నేను టీచర్ని. పొద్దున ఆయమ్మ గది ఊడ్చి చాప పరిచేలోపే పిల్లలు వచ్చేస్తారు. పాటలు, ఆటలు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు, ఆ తర్వాత నిద్ర. చింతగింజలు లెక్కపెడతారు, సీసా మూతలు రంగుల వారీగా వేరు చేస్తారు, కొబ్బరి చిప్పల్లో వంట చేస్తారు. పాలపళ్ళ పిల్లల చేతికి పలకిచ్చి కూర్చోబెట్టి దిద్దించడం నాకు గిట్టదు.

ఈ పద్ధతి ఒక అవ్వకు అసలు నచ్చలేదు. కొడుకూ కోడలూ కూలికి పోతే నాలుగేళ్ళ మనవరాలిని రోజూ ఆమే తెచ్చి దింపేది. ఆ పిల్ల మొదట్లో గడప దాటడానికే ఏడ్చేది. మాతో నోరు విప్పడానికి నెలలు పట్టింది. ఇప్పుడిప్పుడే వంట మూలలో పెత్తనం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే అవ్వ వచ్చి నిలదీసింది.

"ఏమమ్మా టీచరమ్మా, మట్టిలో ఆడేదానికి మా ఇంటికాడ మట్టి లేదా? పక్కింటి పిల్ల ఏబీసీడీలు గడగడా చెప్తాండాది. సోమవారం నుంచి మా పాపను వ్యాన్లో కాన్వెంటుకు పంపిస్తా."

నాకు ఒళ్ళు మండింది. దాన్ని మించి భయమేసింది. కొత్తచోట ఆ పిల్ల మళ్ళీ మూగనోము పడుతుంది.

"పంపుదువులే అవ్వా. ఈ పూట ఈడ కూచో. నీ మనవరాలు ఏం చేస్తాండాదో చూసి పో," అన్నాను.

గొణుక్కుంటూనే గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజు పిల్లలది చేనికి కూలికి పోయే ఆట. కలుపు తీసి, గట్టున కూర్చుని సద్ది విప్పారు. వడ్డించేది మనవరాలే. తడిమట్టితో సంగటి ముద్దలు చేసింది. మనుషులు ఐదుగురు, ముద్దలు నాలుగు. వేలు పెట్టి లెక్క చూసుకుని, ఒక ముద్దను రెండు చేసి అందరి చిప్పల్లోనూ వేసింది.

అవ్వ మొహంలో నవ్వు కదిలింది. "మరి నాకేదే?" అంది.

"నీకు ఆకలి కాదు కదా."

"ఎవురు చెప్పినారే?"

"నువ్వే. 'మీరు తినండి, నాకు ఆకల్లేదు' అంటావు. మేం తిన్నంక చట్టిలో మాడు గీక్కొని తింటావు."

పిల్ల చాడీ చెప్పినట్టు చెప్పలేదు, ఆటలో నియమం చెప్పినట్టు చెప్పింది. ఊళ్ళో ఎవరి మాటా పడని ఆ మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం పిల్లలకు వడ్డించాక నా క్యారియర్ విప్పి, సగం అన్నం ప్లేటులో పెట్టి అవ్వ ముందుంచాను.

"నాకు ఆకల్లేదమ్మా," అంది అలవాటుగా.

మనవరాలు గుడ్డు నమలడం ఆపి, "చూసినావా టీచర్?" అంది.

అవ్వ ప్లేటు దగ్గరికి లాక్కుంది. "ఆ వ్యానోణ్ణి రావద్దంటాలే," అని నాతో చెప్పి, తల వంచుకుని తినసాగింది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా మనవరాలు ఆమెనే చూస్తూ కూర్చుంది.