అన్న ఒక్కడే పాడాలి

అన్న ఆర్కెస్ట్రా వదిలేయడానికి కారణం నేనే. నాకు సొంత అన్న కాదు. ఉప్పల్‌లో పదిమందితో నడిచే ఒక ఆర్కెస్ట్రాలో ముందు నిలబడి పాడే గాయకుడు. మామూలు రోజుల్లో నాచారంలో తన దుకాణంలో ప్యాంట్లు కుట్టేవాడు. వినాయక చవితి వచ్చిందంటే మండపం మండపానికీ తిరిగి పాడేవాడు. నేను మల్లాపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ని. ఎనభైల చివరి సంవత్సరాలు. పెళ్లి కాలేదు. బుద్ధీ ఇంకా రాలేదు.

ఆయన పాడుతుంటే మిగతా తొమ్మిదిమందీ నాకు అడ్డంగా కనిపించేవారు. కీబోర్డు వాయించే పెద్దాయనే ఆర్కెస్ట్రా యజమాని. ఆయన కాస్త పొడుగ్గా వాయిస్తే పళ్లు కొరికేవాణ్ని. అన్నతో కలిసి యుగళగీతాలు పాడే ఆవిడ గొంతు చాలా బాగుండేది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

అప్పట్లో ప్రోగ్రాం అంటే చీటీలు. ఏ పాట కావాలో, అడిగేది ఎవరో చిన్న కాగితం మీద రాసి స్టేజీ మీదికి పంపితే మైకులో చదివి పాడేవారు. మొదట ఒక్క చీటీ పంపాను. ఆయన చదివాడు. ఆ సంతోషంతో అన్నం కూడా సయించలేదు. తర్వాతి ప్రోగ్రాంకి నాలుగు రాశాను. నాలుగూ ఒక్కడివే అంటే బాగుండదని, ఒకటి రామంతాపూర్ కిరాణా సేటు తరఫున, ఒకటి రైల్వే క్వార్టర్లలో ఉండే రిటైర్డ్ గార్డు తరఫున, ఒకటి హబ్సిగూడ ముగ్గురు అక్కచెల్లెళ్ల తరఫున. ఈ మనుషులెవరూ లోకంలో లేరు. రెండో ఏడాదికల్లా ప్రోగ్రాంకి పదిహేను చీటీలు. కొన్ని కుడిచేత్తో, కొన్ని ఎడమచేత్తో. అన్నింటి కిందా ఒకే మాట: 'అన్న ఒక్కడే పాడాలి.'

ఆయన వాటిని పారేయలేదు. బటన్ల డబ్బాలో దాచాడు. ఒకసారి ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వెళితే మూత తీసి చూపించాడు.

"జర సూడు తమ్మీ. హబ్సిగూడ అక్కచెల్లెళ్లు మూడేండ్ల సంది నన్ను ఇడుస్తలేరు."

పక్కన కాజాలు కుడుతున్న వదిన తలెత్తకుండానే అంది: "ఆ ముగ్గురికి పెండ్లిళ్లు గిట్ల అయితలెవ్వా? ఎప్పుడు సూసినా మండపం కాన్నే ఉంటరు."

నేను నవ్వాను. అప్పుడు చెప్పేయాల్సింది.

"నేనొక్కన్నే ప్రోగ్రాం పెడ్తె జనం వస్తరంటవా?" అన్నాడు అన్న.

"ఉప్పల్ ఉప్పలంత వస్తదన్నా!"

ఆయన ఆర్కెస్ట్రా మానేశాడు. పదిహేను రోజుల్లో ఆయన జాగాలో కొత్త గాయకుడొచ్చాడు. ఇక అన్నకు మిగిలింది ఒకటే దారి. నాచారంలో ఒక కాలనీ కమిటీ వాళ్లు, ఆదివారం సాయంత్రం మా హాల్లో పాడు, నచ్చితే చవితికి తొమ్మిది రోజులూ మా మండపం నీదే అన్నారు. నచ్చకపోతే ఆ ఏడాది ఆయనకు స్టేజీ లేదు.

రెండు వందల కుర్చీలు వేస్తే నలభైమంది వచ్చారు. అందులో సగం వదిన తరఫు చుట్టాలు. ముందు వరుసలో కమిటీ పెద్దమనుషులు ముగ్గురు. అన్న స్టేజీ ఎక్కాడు. ఒక చేతిలో బటన్ల డబ్బా, ఇంకో చేతిలో ఐదు శాలువాలు. పాట ఎత్తుకుంటాడనుకుంటే మైకు పట్టుకున్నాడు.

"నన్ను ఇంతదాంక తెచ్చినోళ్లకు ముందుగాల సన్మానం జెయ్యాలె. రామంతాపూర్ కిరాణా సేటు గారూ, మీదికి రాండ్రి."

ఎవరూ లేవలేదు.

"సిగ్గుపడకుండ్రి. సరే, హబ్సిగూడ అక్కచెల్లెళ్లు?"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను. ఒక్కో పిలుపుకూ ఆయన గొంతు సన్నబడుతోంది. రైల్వే గార్డు దాకా వచ్చేసరికి ఇక కూర్చోలేక చెయ్యెత్తాను.

"గార్డువి నువ్వా తమ్మీ?"

"నేనే అన్నా."

"మరి సేటు?"

"నేనే."

వెనక నుంచి వదిన గొంతు: "అక్కచెల్లెళ్లు గూడ నువ్వే గదా! పో, మూడు శాల్వలు ఒక్కసారే కప్పించుకో!"

హాలు గొల్లుమంది. కమిటీ వాళ్లూ నవ్వారు. అన్న కూడా నవ్వబోయి, నవ్వలేక పాట మొదలుపెట్టాడు. రెండు గంటలు ఒక్కడే పాడాడు. నిజం చెప్పాలి కదా, ఎనిమిదో పాటకు నేనే వాచీ చూసుకున్నాను. ఇంకో గొంతు రావాల్సిన చోటల్లా ఆయనే ఆదరాబాదరాగా నింపుతుంటే, వినే మాకు ఊపిరాడలేదు.

"మంచిగనే పాడినవ్ గని, చవితికి ఆర్కెస్ట్రా అయితెనే జనం ఆగుతరు," అన్నారు కమిటీ వాళ్లు.

మర్నాడు కీబోర్డు పెద్దాయన ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

"ఎడమచేతి చీటీల సంగతి నాకు తెల్వదనుకున్నవా?" అన్నాడాయన. "ఒక్క పిచ్చోడుంటె స్టేజీకి మంచిదేనని ఊకున్న. ఇంట్ల నిప్పు వెడ్తవని తెల్వలే."

"తప్పయింది. అన్నను మల్ల తీసుకోండ్రి."

"రమ్మను. ముందు నిలవడేది కొత్తోడే. ఈయన వెనక కోరస్‌ల. నువ్వు ఈ చవితంత స్పీకర్ డబ్బాలు మొయ్యాలె."

ఈ మాట అన్నకు చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. గుడ్డ కత్తిరిస్తూ, "కోరస్‌లనా?" అన్నాడు. కత్తెర ఆగింది. మళ్లీ కదిలింది. చవితి మొదటిరోజు మాత్రం వచ్చి వెనక వరుసలో నిలబడ్డాడు.

నాలుగో రోజు ఒక యుగళగీతం ఆయనకిచ్చారు. ఆవిడ చరణం పాడుతుంటే పక్కన నిలబడి తల వంచి విన్నాడు. ఆవిడ ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడ, తొందర లేకుండా, అందుకున్నాడు. ఆయన గొంతులో అసలు బలం ఆ ఎదురుచూడటంలో ఉంది. నాలుగేళ్లు విని, వందల చీటీలు రాసి, నేను మాన్పించాలని చూసింది సరిగ్గా దాన్నే.

ప్రోగ్రాం అయ్యాక స్టేజీ వెనక స్పీకర్ డబ్బాలు సర్దుతున్నాను. అన్న చెమట తుడుచుకుంటూ వచ్చి, మైకు వైరు నా చేతిలో పెట్టాడు.

"ముడులు వడకుంట సుట్టు," అన్నాడు. "తొందరపడకు."