సున్నా దగ్గర నిలబడ్డ మనిషి

గ్యాస్ కట్టేసి, గడప దాటాక కూడా మళ్లీ లోపలికెళ్లి చూసొచ్చే మనిషి బుజ్జి. "నీ భయానికి జీతమిచ్చేవాళ్లు కూడా ఉన్నారే!" అంటుంది వాళ్లమ్మ. నిజమే. గోడౌన్ల కంపెనీలో హద్దులు కాసే కోడ్ రాయడమే ఆమె పని. సరుకు తీసే ఇనుప చేతికి వరస, అంతస్తు, అర నంబర్లు ఇస్తారు. అవి సరుకు పెట్టే ర్యాకులో ఉన్నవేనా అని ముందు సరిచూడాలి. ఒక గోడౌన్‌కి రెండు నంబర్లు, ఇంకోదానికి మూడు, మరోదానికి నాలుగు. వేటికవి రాయలేక, ఎన్ని నంబర్లొచ్చినా పనికొచ్చే ఒకే మెథడ్, అంటే ఒకే కోడ్ ముక్క, రాసింది. మూడుచోట్లా పెట్టేశారు.

ఆ ఉదయం వాటిలో ఒక గోడౌన్‌లో, అద్దాల గదిలో ఆపరేటర్ పక్కన కూర్చుంది. అక్కడే మెకానిక్‌గా చేసే బాబాయి, నూనె డబ్బాతో నాలుగో వరస మొదట్లోకి వెళ్లాడు. "చెయ్యి ఇక్కడిదాకా రాదులేవే" అన్నాడు.

హడావిడిలో ఆపరేటర్ అదే నాలుగో వరస కొట్టి, అర నంబరు కొట్టడం మరిచాడు. ఖాళీ గడిని కంప్యూటర్ సున్నా అనుకుంది. తెరమీద పచ్చ టిక్కు పడింది. చెయ్యి కదిలింది.

బుజ్జికి అప్పుడు తట్టింది. ఇక్కడి అరలు ఒకటితో మొదలవుతాయి. తన మెథడ్ చివరి నంబరెంతో అడిగింది గానీ మొదటిదెంతో అడగలేదు, సున్నా అనేసుకుంది. సున్నా అంటే ర్యాకు బయట. బాబాయి ఉన్న చోటు.

"ఆపన్నా!"

"పచ్చ పడిందిగా తల్లీ. నువ్వు రాసిందేగా?"

అతని మీదుగా పడి ఎర్ర బటన్ గుద్దింది. బాబాయి తలకి జానెడు దూరంలో చెయ్యి ఆగింది.

"క్షవరం చేయించుకోమంటే నేనే వెళ్లేవాణ్ణి కదే!" అని అరిచాడాయన.

నవ్వబోయి ఆగిపోయింది. అదే మెథడ్ ఇంకో రెండుచోట్ల నడుస్తోంది. వెంటనే ఫోన్ చేసింది. మొదటివాళ్ల అరలు సున్నా నుంచే, భయం లేదు. రెండో గోడౌన్ సూపర్‌వైజర్ తాపీగా, "ఒకటి నుంచేనమ్మా, ఎందుకూ?" అన్నాడు.

"మెషిన్ ఆపండి! వరసల ముందు ఎవరైనా ఉన్నారా?"

"నేల తుడిచే ఆవిడ ఉండాలి... ఉండు, చూస్తా."

ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడు. పరుగెత్తే అడుగులు. మోటారు రొద ఇంకా వినిపిస్తూనే ఉంది. బాబాయి వచ్చి వెనక నిలబడ్డా ఆమె తల తిప్పలేదు. రొద ఆగింది. తర్వాత ఏమీ లేదు.

అప్పుడు ఫోన్‌లో దూరంగా ఒక ఆడగొంతు మండిపడింది: "తుడిచిన చోటే తొక్కుతావేంటయ్యా!"

బుజ్జి నేలమీద చతికిలబడింది.